ఫ్రాంక్ నేర్పిన మొదటి ప్రశ్న

మొన్న ఆదివారం ప్లెయిన్స్‌బరో ఊళ్ళో మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక, పక్క కుర్చీలో ఉన్న ఎస్తేరు ఆంటీ మోకాలికి నొప్పుల మందు రాసుకున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నేను అక్కడ లేను. నలభై ఏళ్ళ కిందట, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే ఒక హైస్కూల్ లాకర్ రూమ్ బయట, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. పక్కన ఫ్రాంక్, "పుస్తకం జేబులో పెట్టు" అంటున్నారు.

ఫ్రాంక్ న్యూజెర్సీలో ఒక చిన్న దినపత్రికకు స్పోర్ట్స్ ఎడిటర్. ఎనభైల మొదట్లో, కాలేజీ అయిన వెంటనే ఆయన దగ్గర చేరాను. ఫోన్ ఎత్తి, హైస్కూల్ కోచ్‌లు చెప్పే స్కోర్లు రాసుకోవడం నా పని. "గుంటూరు నుంచి నిన్నింత దూరం తీసుకొచ్చింది బంతాటల స్కోర్లు రాయడానికా, సుజాతా? ఎమ్మెస్‌కి అప్లై చెయ్యమ్మా" అని మా నాన్న రోజూ నస పెట్టేవారు. ఫ్రాంక్‌కి తెలుగు ముక్క రాదు, అయినా ఇన్నేళ్ళకు ఆయన మాటలు నాకు తెలుగులోనే వినబడతాయి.

మొదటి వారం కోచ్‌లతో మా ఇంటి పద్ధతిలోనే మాట్లాడాను. బాగున్నారా, ఇంట్లో అందరూ కులాసానా, పిల్లలెంతమంది, ఆ తర్వాతే ఆట. ఒక కోచ్‌ని "మీ ఆవిడ ఎలా ఉన్నారండీ?" అని అడిగాను. ఆవిడ పంపిన విడాకుల కాగితాలు ఆయనకు ఆ ఉదయమే అందాయట. ఫోన్ ఠక్కున పెట్టేశారు. ఫ్రాంక్ తిట్టలేదు. "నువ్వు చూసినదాని గురించి అడుగు. వాళ్ళిల్లు నువ్వు చూడలేదుగా" అన్నారు.

మర్నాటి నుంచి నాకొక శిక్ష పడింది. ఆయన నన్ను వెంట తీసుకెళ్ళే ప్రతి ఆటకు ముందు పది మొదటి ప్రశ్నలు రాసి ఆయన బల్ల మీద పెట్టాలి. ఆయన ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసేవారు. "గెలిచినందుకు మీకెలా ఉంది?" అని రాస్తే, "బాగుంది అంటాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను. అతనికి తప్ప ఎవరికీ తెలియనిది అడుగు. కాలెక్కడ పెట్టావు, బంతి ఎటు తిరిగింది, అంత చిన్నది చాలు. ఎలా ఉందో తర్వాత వాళ్ళే చెప్తారు" అన్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు మనవాళ్ళు. ఎలా అడగాలో మాత్రం నేను ఈయన దగ్గర నేర్చుకున్నాను, కొంచెం ఏడుస్తూనే. ఆయనకు ఇంకో రెండు పట్టింపులుండేవి. ఓడినవాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాలి, వాళ్ళ బస్సు ఆగదు కాబట్టి. మొదటి ప్రశ్న అడిగేటప్పుడు చేతిలో నోటు పుస్తకం కనబడకూడదు.

మరుసటి మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఆడపిల్లల రిలే పరుగు ఫైనల్‌కి నన్ను తీసుకెళ్ళారు. "ఇవాళొక మంచి స్టోరీ తే, ట్రాక్ పోటీలన్నీ నీకే ఇస్తాను. లేకపోతే మళ్ళీ ఫోనే" అని చెప్పి, వెళ్ళి స్టాండ్‌లో కూర్చున్నారు. మా ఊరి జట్టే ముందుంది. మూడో అమ్మాయి షెరిల్, చివరి అమ్మాయి డెనీస్‌కి అందించబోతుండగా బ్యాటన్ కర్ర నేల మీద పడింది. "అయ్యో, షెరిల్!" అని జనమంతా ఒక్కసారే అరిచారు.

డెనీస్ గడ్డిలో కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. వేరే పత్రికాయన వంగి, "ఇప్పుడెలా అనిపిస్తోంది?" అని అడిగాడు. "ఏమో" అని ఆమె మొహం తిప్పేసుకుంది. ఆయన వెళ్ళాక నేను పక్కన కూర్చున్నాను. పోటీకి ముందు ఆ అమ్మాయి అడుగులో అడుగు వేసి కొలుచుకుంటూ ట్రాక్ మీద చిన్న టేపు ముక్క అతికించడం చూశాను. వెనక నుంచి వచ్చే అమ్మాయి ఆ టేపు దగ్గరికి రాగానే ముందున్న అమ్మాయి పరుగు మొదలుపెట్టాలి.

"టేపు ఎన్ని అడుగులకి పెట్టావు?" అన్నాను.

"ఇరవై నాలుగు." ఒక బూటు పక్కన పెట్టి, "రోజూ ఇరవయ్యే" అంది. "ఇంకా స్పీడ్ వస్తుందని మార్చాను. షెరిల్‌కి చెప్పలేదు. నేను ముందే బయల్దేరిపోయాను, తను అందుకోలేకపోయింది. తప్పు తనది కాదు."

ఏం చెప్పేసిందో అప్పుడర్థమైనట్టుంది, మొహం మోకాళ్ళలో దాచుకుంది.

నేను స్టాండ్‌కి పరుగెత్తాను. సిగ్గుగా ఉన్నా ఉన్నమాట చెప్పాలి, నాకు పట్టరాని సంతోషంగా ఉంది. ఫ్రాంక్ అంతా విని, "పుస్తకం ఎక్కడుంది?" అన్నారు.

"మీరు చెప్పినట్టే, జేబులో."

"అయితే ఆ పిల్ల నీతో చెప్పుకుందా, పేపర్‌కి చెప్పిందా? వెళ్ళి అడుగు."

"రాయొద్దంటే?"

"రాయవు. ఫోన్ దగ్గర నీ కుర్చీ ఎటూ ఖాళీగానే ఉంది."

బస్సు ఇంజిన్ ఆన్ చేసి ఉంది. ముందు సీట్లో షెరిల్ ఒక్కతే కూర్చుంది, పక్కన ఎవరూ కూర్చోలేదు. డెనీస్‌ని మెట్ల దగ్గరికి పిలిచాను. ఈసారి పుస్తకం చేతిలోనే ఉంది. "ఇందాక నువ్వు చెప్పింది పేపర్లో రాయనా? వద్దంటే రాయను" అన్నాను. ఆమె షెరిల్ వంక చూసింది. "రాయండి. కానీ ముందు తనకి నేను చెప్పాలి" అంది. వెళ్ళి షెరిల్ పక్కన కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. షెరిల్ ఆమె చెయ్యి విదిలించుకోవడం మాత్రం చూశాను. బస్సు కదిలేటప్పటికి ఇద్దరూ ఆ సీట్లోనే ఉన్నారు.

తిరుగు దారిలో ఫ్రాంక్ డ్రైవ్ చేస్తుంటే జరిగింది చెప్పాను. "ట్రాక్ నీదే" అన్నారు. ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, నా వైపు చూడకుండా, "నేనొకసారి ఇలా వెనక్కి వెళ్ళి అడగకుండానే రాసేశాను" అన్నారు. సిగ్నల్ మారింది.

ఎవరి గురించి, ఏం రాశారు, ఆ మనిషి ఏమయ్యారు, నేను అడగలేదు. తర్వాత ఆరేళ్ళు ఆయన పక్క బల్ల దగ్గర పనిచేశాను. ఆయన రిటైరయ్యాక ఇంటికి వెళ్ళి కాఫీ తాగాను. ఆయన అంత్యక్రియలప్పుడు నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పాను. వందలమందితో మాట కలపడం నాకు నేర్పిన మనిషిని ఆ ఒక్కటీ అడగలేకపోయాను. ఇప్పటికీ ఒంటరిగా కార్‌లో వెళ్తుంటే, ఆయన్ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి అడిగి ఉండాల్సిందో అని ఆలోచిస్తుంటాను. ఆ మొదటి ప్రశ్న నాకింకా దొరకలేదు.