కంపు నేతి లడ్లు

ఆదోని పత్తి మార్కెట్లో నాగేశ్వరయ్య అంటే అందరికీ ఇష్టమే. పాతికేళ్ళు దాటినా మొహాన మీసం జాడే లేదు, గొంతు ఆడపిల్ల గొంతులా సన్నం. మంగలి బసప్ప "నీ పుణ్యాన నా కత్తి అరగదప్పా" అని ఎగతాళి చేస్తే ముందుగా నవ్వేది అతనే. ఆ నవ్వు దొంగ నవ్వు కాదు. దిగులల్లా ఒక్కటే, మేనరికం.

వాళ్ళ కోమటి ఇళ్ళలో మేనమామ కూతురు మేనల్లుడి హక్కు. ఎమ్మిగనూరులో మేనమామ తిమ్మయ్యకు విశాలాక్షి పుట్టిన రోజే తల్లి రుక్మిణమ్మ ఆ పిల్లను తన కోడలనేసుకుంది. పెళ్ళైతే మీసం అదే మొలుస్తుందని ఆమె ధీమా. అలాంటి ధీమాకు మందు లేదు.

బళ్ళారిలో ఒక డాక్టరు మాత్రం ఉన్నమాట చెప్పాడు. మగతనానికి కావలసిన రసం ఈ ఒంట్లో పుట్టుకతోనే ఊరడం లేదట, పిల్లలు పుట్టరట. ఆపైన వింతగా, ముక్కుకు వాసన తెలుస్తుందా అని అడిగాడు. నాగేశ్వరయ్యకు మల్లెపూలైనా మురుగుకాలువైనా ఒకటే. అయితే ఇది రక్తంలో వచ్చి ఉంటుంది, మీవాళ్ళలో ఇంకెవరైనా ఇలా ఉన్నారా అన్నాడు డాక్టరు. ఎవరూ లేరని చెప్పి వచ్చేశాడు. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు.

1946 వేసవిలో పెళ్ళి మాటలకని అందరూ తిమ్మయ్య ఇంట్లో చేరారు. తిమ్మయ్యకు మేనమామ, ఆ ఇంటి పెద్దదిక్కు ఇంద్రసేనయ్య కూడా వచ్చాడు. ఆయనకూ గడ్డం లేదు. అది యోగి లక్షణమని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవారు. పిల్లలు లేకపోవడం మాత్రం భార్య గోవిందమ్మ దోషమైంది! గొడ్రాలని ఏ శుభకార్యంలోనూ ఆమె చేతికి హారతి పళ్ళెం ఇచ్చేవారు కాదు. ఆహా, ఏం న్యాయం!

ఆ రోజు పంక్తిలో రవ్వలడ్లు వేశారు. ఎవరి పొరపాటో, నెయ్యి చెడిపోయింది. కంపు భరించలేక ఒక్కొక్కరే లడ్డును విస్తట్లో వదిలేశారు. నాగేశ్వరయ్య రెండోది అందుకోబోతూ తలెత్తాడు. ఇంకొక్కరే హాయిగా తింటున్నారు, ఇంద్రసేనయ్య తాత.

అతని చెయ్యి ఆగిపోయింది. చెబితే పెద్దాయన పరువు పోతుంది. చెప్పకపోతే విశాలాక్షి ఇంకో గోవిందమ్మవ్వ అవుతుంది. డాక్టరు చెప్పినదంతా అక్కడే చెప్పేశాడు.

"మామా, విశాలాక్షికి వేరే సంబంధం చూడు. ఇది నాకు అమ్మ తట్టు నుంచి వచ్చినట్టుంది. తాతదీ ఇదే. అవ్వ గొడ్రాలు కాదు."

రుక్మిణమ్మ ఏడ్చింది. ఇంద్రసేనయ్య చేతిలోని లడ్డును విస్తట్లో పెట్టి, తనకూ ఏ వాసనా తెలియదని ఒప్పుకున్నాడు. తర్వాత గడప దగ్గరున్న భార్య వైపు తిరిగాడు.

"ఇన్నేండ్లు నువ్వు పడిన మాటలన్నీ నేను పడాల్సినవే," అన్నాడు.

నాగేశ్వరయ్య ఆ తర్వాత బ్రహ్మచారిగానే, పత్తి బేళ్ళ మధ్య నవ్వుతూ నవ్విస్తూ బతికాడు. మరుసటేడు గూడూరు పిల్లవాడితో విశాలాక్షి పెళ్ళైతే, పందిట్లో అతనంత సంతోషంగా తిరిగినవాడు లేడు.

పెళ్ళికొడుకు గడప దగ్గరికి వచ్చేసరికి, తిమ్మయ్య భార్య హారతి పళ్ళెం తెచ్చి గోవిందమ్మ చేతుల్లో పెట్టింది. ఇత్తడి పళ్ళెం బరువుగా ఉంది. పళ్ళెం జారుతుందేమోనని నాగేశ్వరయ్య కింద చెయ్యి ఆనించాడు.

"చెయ్యి తియ్యప్పా," అంది అవ్వ. "నేనే ఎత్తుతా."