జల్లెడ బాబాయి చేతులు

జల్లెడ బాబాయి చేతులు చూసినవాళ్లకు ముందు జాలేసేది, తర్వాత భయమేసేది. వేళ్ల సందుల్లో, అరచేతి అంచుల్లో చర్మం ఎండిన చెరువులా పగిలి ఉండేది. జీవితమంతా కొండల మీద మట్టి జల్లించిన చేతులవి. భూమి కింద ఏ ఖనిజం ఉందో వెతికే కంపెనీల దగ్గర ఆయన పని అదే. గుంట తవ్వి తీసిన మట్టిని నలిపి, జల్లెడలో పోసి, అరచేత్తో రుద్ది, కిందికి దిగిన మెత్తటి పొడిని చిన్న సంచుల్లో నింపడం. ఆ సంచులు ల్యాబుకు వెళ్తాయి. ఖనిజం దొరికితే పేరు పెద్దవాళ్లకు, దొరక్కపోతే తిట్లు అందరికీ. నేను ఆ క్యాంపుల్లో జీపు నడిపేవాణ్ణి. ఏళ్ల తరబడి ఆయనతో ఒకే గుడారంలో పడుకున్నాను కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. లేదనేవాళ్లెవరైనా ఉంటే ఆయన గురకను ఒక్కరోజు భరించి వచ్చి మాట్లాడమనండి.

మా ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. పిలిచీ పిలిచీ బాబాయి అయిపోయాడు. ఆయన భార్యను నేను పిన్ని అనేవాణ్ణి గానీ ఆమెను చూసింది బహు తక్కువ. పిల్లల్లేరు. ఏడాదిలో ఎక్కువ భాగం ఆయన కొండల మీద, ఆమె అద్దెగదిలో. ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆమె ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని తెల్లటి మందు రాసేదట. తిరిగొచ్చేటప్పుడు అదే మందు ట్యూబులు సంచిలో పెట్టి, "పొద్దున్నే రాసుకో, మర్చిపోకు" అని గుమ్మం దాకా వచ్చి చెప్పేదట. ఆమె పోయిన కబురు మా క్యాంపుకు ఆలస్యంగా చేరింది. ఈయన వెళ్లేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చాక నాతో ఆ సంగతి ఎత్తలేదు. మర్నాడు టీ తాగి, ట్యూబు తీసి, ఒక్కో వేలికీ నెమ్మదిగా మందు రాసుకున్నాడు. ఆ తర్వాత ఏ కొండకు వెళ్లినా అది తప్పలేదు. మందు అయిపోవచ్చిందంటే చాలు, టౌనుకు జీపు తియ్యమని నా ప్రాణం తోడేసేవాడు. అదే రకం, అదే కంపెనీ. వేరేది తెస్తే ముట్టుకునేవాడు కాదు.

పిన్ని పోయిన కొన్నాళ్లకు ఇంకో కొత్త కొండకు వెళ్లాం. అంతకుముందు మేం తిరిగినవన్నీ సున్నపురాయి కొండలు, ఇనుప కొండలు. సీసం, జింకు కోసం వెళ్లడం అదే మొదటిసారి. ఆ క్యాంపుకు పెద్ద ఒక మేడం. భూగర్భశాస్త్రం చదివిన మనిషి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. మొదటిరోజే అందర్నీ వరసగా నిలబెట్టి ఉంగరాలు తీయించారు. పూత పూసిన రేకు బకెట్లు మూలకు గిరాటేసి ప్లాస్టిక్‌వి తెప్పించారు. ఇనుప జల్లెడలు పోయి నైలాన్ జల్లెడలొచ్చాయి. లోహం తగిలితే మట్టి లెక్క తప్పుతుందట. నేను జీపు నడిపేవాణ్ణి మొర్రో అన్నా వినకుండా నా వాచీ గొలుసు కూడా విప్పించారు. ఇంత చేసినా తెల్లమందు గురించి ఎవరికీ తట్టలేదు. చేతులకు ఇంకిపోయిన మందు ఎవరి కంట పడుతుంది?

కొండకు దక్షిణం వైపు తక్కినవాళ్లంతా జల్లించారు. ఉత్తరం వైపు ఎండ పడదు, గాలి కోసేస్తుంది. చలి ముదిరాక అటు వెళ్లమంటే అందరూ నీళ్లు నమిలారు. బాబాయే వెళ్లాడు. చేతులు మరీ పగలడంతో మందు ఇంకా దట్టంగా పట్టించేవాడు.

ల్యాబు నుంచి ఫలితాలొచ్చిన రోజు క్యాంపు క్యాంపంతా గాల్లో తేలింది. దక్షిణం వైపు ఏమీ లేదు గానీ, ఉత్తరం వైపు పొడవునా జింకు! డ్రిల్లింగు మిషను వస్తుందని, ఇంకో ఏడాది అందరికీ పని ఉంటుందని చెప్పుకున్నారు. అందరికంటే సంతోషించింది బాబాయి. ఈ వయసులో కొత్తచోట ఆయన్ని ఎవరూ పెట్టుకోరు. ఈ క్యాంపు ఎత్తేస్తే ఆయనకు మిగిలేది ఆ గదే.

"ఆ గదిలో ఎంతసేపని గోడలతో మాట్లాడను? అవి కూడా విసుక్కుంటాయిరా" అన్నాడు నాతో నవ్వుతూ.

మేడం మాత్రం ముభావంగా ఉన్నారు. సీసం జాడ లేదని ఆమె దిగులు. "ఇక్కడి రాళ్లలో ఈ రెండూ తోడికోడళ్లలాంటివి. ఒకే ఇంట్లో ఉండాలి. పైగా జింకు వాననీళ్లతో జారిపోతుందేమో గానీ, సీసం ఉన్నచోటు వదలదు. కదలని కోడలు కనపడకుండా పోవడమేంటి?" అన్నారు మధ్యాహ్నం భోజనాల దగ్గర.

వంటమనిషికి అన్నీ కావాలి. "అసలీ జింకు దేనికండీ?" అని అడిగాడు.

"చాలావాటికి. రేకులకు పూతేస్తారు. రబ్బర్లో కలుపుతారు. ఒళ్లు ఒరుసుకుపోతే రాస్తామే తెల్లమందు, అందులోనూ అదే."

బాబాయి చేతిలో ముద్ద ఆగిపోయింది. కంచం అలాగే వదిలేసి లేచి వెళ్లిపోయాడు. వెనకే పరుగెత్తాను. గుడారంలో మంచం మీద కూర్చుని ట్యూబును చేతిలో తిప్పుతున్నాడు.

"ఆ జింకు కొండది కాదురా. నా చేతులది" అన్నాడు.

"నోర్ముయ్ బాబాయ్! ఎవరైనా వింటారు" అన్నాను. ఆ తర్వాత నిప్పులు చెరిగాను. మిషను రానీ, ఏడాది గడవనీ, కంపెనీ వాళ్లకు ఒక కొండ పోతే ఇంకో కొండ, నీకేముంది, అని అడిగాను. ఇప్పటికీ నాది తప్పని ఒప్పుకోను. అంత ఒంటికాయ సొంటికొమ్ములాంటి మనిషి ఇంకో ఏడాది నలుగురి మధ్య ఉంటే ఎవరి సొమ్ము పోయింది?

"మిషను వచ్చి కొండంతా తొలిచాక ఏం దొరుకుతుందిరా? మీ పిన్ని రాయమన్న మందు" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు. "ఆవిడ ప్రేమగా ఇచ్చిన దాంతో నేను దొంగపని చెయ్యను."

నేరుగా మేడం దగ్గరికి వెళ్లి ట్యూబు బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాడు. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. ట్యూబు తీసుకుని దాని మీది అక్షరాలు చదివారు. చివరికి, "బాబాయిగారూ, ఆ వైపంతా మళ్లీ జల్లించాలి. వేరేవాళ్లను పంపిస్తాను" అన్నారు.

"వద్దమ్మా. పాడుచేసింది నేను. నేనే జల్లిస్తా."

చేతుల్లో మందు మిగలకుండా పోవడానికి కొన్నాళ్లు ఆగి, సబ్బుతో పదేపదే కడుక్కుని మొదలుపెట్టాడు. ఉత్తి చేతులు. రబ్బరు తొడుగులు ఇస్తామంటే, రబ్బర్లోనూ అదే ఉందన్నారుగా అని వద్దన్నాడు. మందు లేక పగుళ్లు నోళ్లు తెరిచాయి. సాయంత్రాలు అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు. ఉదయం టీ తాగాక మాత్రం ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు కూర్చునేవాడు. ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని చూసుకునేవాడు. ఆయన్ని అలా చూడలేక నేను జీపు తుడిచే వంకతో బయటికొచ్చేసేవాణ్ణి. పిన్ని పోయిన దుఃఖం ఆయనకు అప్పుడే మొదలైందని నాకనిపించింది.

రెండోసారి ఫలితాల్లో జింకు లేదు, సీసం ఎలాగూ లేదు. ఉత్త మట్టి. నెల తిరక్కుండా గుడారాలు పీకేశారు. మేడం వెళ్లేముందు బాబాయికి నమస్కారం పెట్టారు.

బాబాయిని నేనే జీపులో దిగబెట్టాను. సైకిళ్లు బాగుచేసే షాపు మీద గది. ఇరుకు మెట్లు. తాళం బిగుసుకుపోతే నేనే తీశాను. లోపల ఒక మంచం, కిటికీ పక్కన రెండు కుర్చీలు. ఒక కుర్చీ మీద మడతపెట్టిన చీర. దాని మీద దుమ్ము లేదు. పైన కప్పి వెళ్లిన పాత తువ్వాలు అప్పుడే తీసినట్టున్నాడు. సామాను పెట్టి వచ్చేస్తుంటే, "ఒరే, ఒక్క నిమిషం" అన్నాడు.

సంచి అడుగు నుంచి ట్యూబు తీశాడు. బల్ల మీద నుంచి ఎప్పుడు తిరిగి తెచ్చుకున్నాడో నేను చూడలేదు.

"మూత రావట్లేదు. వేళ్లు వంగట్లేదు. కాస్త తీసిపెట్టు."

తీసిచ్చాను. ఆయన చీర ఉన్న కుర్చీకి ఎదురుగా కూర్చుని, చేతులు రెండూ చాపి, వాటి వంక చూస్తూ అన్నాడు.

"ఇంక రాసుకోవచ్చులే. చెడిపోవడానికి మట్టి లేదుగా."