అమ్మ ముఖం ఒప్పుకోని ఫోను

దయ్యాలన్నా మహిమలన్నా నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఎవరైనా మొదలుపెడితే "చూసింది నువ్వా, మీ మేనత్తా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. బొమ్మసంద్రలో మోటారు విడిభాగాలు తయారు చేసే కంపెనీలో తనిఖీ నా ఉద్యోగం. ఒక ముక్క పనికిరాదని పక్కన పెడితే ఎందుకు పనికిరాదో చెప్పాలి. చెప్పకపోతే నేను ఊరుకోను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే కాస్త సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మడం మానడం మీ ఇష్టం.

మాది బెంగళూరు పక్కన ఆనేకల్‌లో పట్టు నేసే కుటుంబం. నా కాపురం కూడా పుట్టింటి వెనక వీధిలోనే. అమ్మ పేరు నాగరత్నమ్మ. మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగు కొసకి కొత్త పోగు మెలేసి అతకాలి. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో ఆ పని అమ్మదే. వేళ్లకి బూడిద రాసుకుని ఒక పోగు తర్వాత ఒక పోగు, రోజంతా అదే. అలా మెలేసి మెలేసి ఆవిడ వేళ్ల మీద గీతలన్నవే లేకుండా పోయాయి. రేషన్ షాపులో వేలు పెడితే మిషను ఒప్పుకోదు. బ్యాంకులోనూ అంతే.

"ఏందప్పా ఇది, ఇంత మనిషిని ఎదురుగా నిలబడి ఉండా. వేలుంటే చాలదంట, గీతలు గూడా కావాలంట" అని వాళ్లతో పోట్లాడి వచ్చేది.

మా తమ్ముడు మురళి బెంగళూరు మడివాళలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ వాడు. వేలిముద్ర ఫోను అమ్మకి పనికిరాదని, ముఖం చూసి తెరుచుకునే ఖరీదైన ఫోను ఒకటి తెచ్చిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. వేలు అనేది మనం పెడితేనే పెట్టినట్టు. ముఖం అలా కాదు కదా. నిద్రపోతుంటే ఎవరు తెచ్చి ఎదురుగా పట్టినా అది ముఖమే. పన్ను నొప్పికి బుగ్గ వాచిందనుకోండి, అప్పుడేం చేయాలి? మన సొమ్ము మనమే తెరుచుకోలేక బయట నిలబడాలా?

"అక్కా, ఇప్పుడు టాప్ మోడల్స్‌లో ఫింగర్‌ప్రింటే తీసేస్తున్నారు. ఫేస్ ఇంకా సేఫ్. నువ్వే ఓవర్‌గా థింక్ చేస్తున్నావ్" అన్నాడు వాడు.

"నీ సేఫు నువ్వే ఉంచుకో" అన్నాను.

అమ్మకి మాత్రం ఆ ఫోను తెగ నచ్చింది. "చూడవే, దీనికి నేను తెలుసు" అంటూ వీధంతా చూపించుకొచ్చింది. ముఖంతో పాటు ఒక నంబరు కూడా పెట్టుకోవాలంటే అదీ తనే పెట్టుకుంది, మాకెవరికీ చెప్పలేదు. అడిగితే "చెప్తే ఇంక బీగమెట్లా అవుతాది?" అంది.

మా వీధిలో వరలక్ష్మీ వ్రతం నాడు కథ చెప్పేది అమ్మే. పుస్తకం ముట్టుకోదు. తన అత్తగారి నోట విన్నది విన్నట్టు, మధ్య మధ్య కూర్చున్నవాళ్లని ఆటపట్టిస్తూ చెబుతుంది. ఆ తీరు కథ ఎక్కడా రాసి లేదు. కిందటేడు వ్రతంలో నేనే పోరి పోరి ఆ ఫోనులో రికార్డు చేయించాను. ఇంకోచోట కూడా దాచుకుందాం అనుకుంటూనే ఏడాది గడిపేశాం.

ఈ ఎండాకాలం అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కుడివైపు మూతి జారిపోయింది. మాట పూర్తిగా పోయింది. ఆస్పత్రి గొడవలో ఫోను ఎవరికీ గుర్తు లేదు, చార్జింగు అయిపోయి ఆగిపోయింది. ఇంటికొచ్చాక ఆన్ చేస్తే నంబరు అడిగింది. అమ్మ బుర్రలో అంకెలన్నీ కలిసిపోయి ఉన్నాయి, మూడు చూపించమంటే ఏడు చూపిస్తోంది. వరసగా తప్పులు కొట్టింది. ఇంకా తప్పులు కొడితే లోపల ఉన్నదంతా చెరిగిపోతుందని మురళి ఆపేశాడు.

బస్టాండు దగ్గర ఫోన్లు రిపేరు చేసే ఆయన్ని అడిగాను. "ఒకసారి ఆగిపోయి మళ్లీ ఆన్ అయిందంటే, నంబరు కొట్టేదాకా అది ముఖం చూడదు మేడమ్. మీ అమ్మగారి ముఖం ముందులాగే ఉన్నా చూడదు. కావాలంటే మొత్తం తుడిచేసి కొత్తదానిలా చేసిస్తా" అన్నాడు. తుడిచేస్తే కథ పోతుంది. అమ్మ నోట ఇంక ఆ కథ వస్తుందో రాదో డాక్టరే చెప్పలేకపోయాడు. వద్దని తెచ్చేశాను.

అమ్మ ఇంకోలా అనుకుంది. తన మూతి వంకరపోయింది కాబట్టే ఫోను తనని గుర్తుపట్టలేదనుకుంది. ఎడమ చేత్తో దాన్ని ఎదురుగా పట్టుకుని, మూతి వైపు వేలు చూపించి, గుడ్ల నీరు కుక్కుకుంది.

మర్నాటి నుంచి మొదలుపెట్టింది. ముఖం కండరాల కోసం డాక్టరు చెప్పిన వ్యాయామాలు ఉన్నాయి. "ఆ, ఈ, ఊ" అనడం, బుగ్గలు పూరించడం, పెదాలు సాగదీయడం. అంతకుముందు ఎంత బతిమాలినా చెయ్యకుండా గోడవైపు తిరిగి పడుకునేది. ఇప్పుడు పొద్దున లేస్తూనే కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఫోను ఎదురుగా పెట్టుకుని, "ఆ, ఈ, ఊ". అది తెరుచుకోకపోతే మళ్లీ మొదట్నుంచి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే మనిషి మా అమ్మ. ఆ మొండిపట్టుతోనే మూతి కొంచెం కొంచెం పైకి లేస్తుంటే, "అది నిన్ను చూడనే చూడదమ్మా" అని ఏ నోటితో చెప్పను? రోజూ చార్జింగు పెట్టి చేతికిచ్చాను.

శ్రావణం వచ్చింది. పక్కింటి పద్మక్క వచ్చి నెమ్మదిగా కదిపింది. "రత్నక్కా, ఈ తూరి కథకి పుస్తకం తెద్దామా?"

అమ్మ ఎడమ చేత్తో కుర్చీ మీద టపీమని కొట్టింది. ఫోను పైకెత్తి చూపించింది. వ్రతం నాటికి తెరిపిస్తాను, నా కథే వినాలి అని. పద్మక్క నా వైపు చూసింది. నేను చార్జరు వెతికే వంకతో లోపలికి వెళ్లాను.

వ్రతం శుక్రవారం పొద్దున అమ్మ చేసిన మొదటి పని అదే. తెరుచుకోలేదు. మళ్లీ చేసింది. ముఖమంతా చెమట. ఈలోగా వీధి ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. కలశం మీద కొబ్బరికాయకి అమ్మవారి వెండి ముఖం కట్టాను. అది అమ్మ అత్తగారి నాటిది. రంగు వేసిన కళ్లు, చిన్న ముక్కుపుడక. అందరి ఇళ్లల్లో ఉండేలాంటిదే, దానికి మా ఇంట్లో ఎవరి పోలికా లేదు.

వ్రతం నాడు, పడుగులో పోగుని అటూ ఇటూ నడిపే మగ్గం నాడెని కూడా కడిగి బొట్టు పెట్టి అమ్మవారి ముందు పెట్టడం మా అలవాటు. అమ్మ ఫోను పద్మక్కకి అందించి, నాడె పక్కన పెట్టమని సైగ చేసింది. పద్మక్క ఊరికే పెడుతుందా? ఇంత పసుపు, దాని మీద ఇంత తడి కుంకుమ తీసుకుని, ఫోను నుదురనుకుంటూ అద్దం పైభాగాన సరిగ్గా కెమెరా ఉండేచోట అద్దింది.

"అయ్యో పద్మక్కా, దాని కన్ను మీదే పెట్టినావే!" అన్నాను.

"సుమ్నే, ఊరికే ఉండు నువ్వు. బొట్టు లేకుండా దేవి ముందర పెట్టేదా? నాడెకి పెట్టలేదా?" అంటూ, దాన్ని అరటిపళ్ల అత్తానికి ఆనించి, అద్దం అమ్మవారి వైపు ఉండేలా నిలబెట్టింది.

పూజ అయింది. అమ్మ కుర్చీలో వెనకగా ఉంది, నేను ఆవిడ ఎడమ చేతిలో అక్షింతలు పెడుతున్నాను. ఎవరో చేసేది లేక పుస్తకం తెరిచారు. అమ్మ తల అడ్డంగా ఊపింది, ఊపుతూనే ఉంది. తెరిచిన పుస్తకం మళ్లీ మూసేశారు.

అప్పుడు చూశాను. అమ్మవారి వెండి ముఖం మీద, గడ్డం కింద నుంచి తెల్లటి వెలుగు పడుతోంది. దీపం వెలుగైతే పచ్చగా ఉంటుంది, ఇది అది కాదు. ఫోనెవరైనా చేస్తున్నారేమో అనుకుని వెళ్లి తీశాను. ఫోను రావడం లేదు. నంబరు అడిగే పలకా లేదు. లోపలి తెర, కిందటేడు పండక్కి దిగిన మా అందరి ఫొటో, దాని మీద వరసగా గుర్తులు. ఫోను తెరుచుకుని ఉంది.

కెమెరా మీద కుంకుమ అలాగే ముద్దగా ఉంది, కాస్తయినా చెదరలేదు. మళ్లీ మూసుకుపోతుందేమోనన్న భయంతో గబగబా వెతికి రికార్డింగు నొక్కాను.

"ఏమ్మా, అందరూ కూచున్నారా? అక్షింతలు చేతిలో ఉండాయా? పద్మా, నీ చేతిలో లేవు చూడు, ప్రతేడూ ఇదే కత నీది."

పద్మక్క చెయ్యి చూసుకుంది. కుంకుమ తప్ప ఏమీ లేదు. "నా తల్లో!" అని బావురుమంది. ఆ మాటలు కిందటేటివి, ఆవిడ ఏటా మరిచిపోతుంది, అందులో వింతేమీ లేదని నాకు తెలుసు. అయినా తిరిగి అమ్మ మూతివైపు చూశాను. అమ్మ మాత్రం ఏడవలేదు. తన గొంతు వింటూ, దానితో పాటు పెదాలు కదిలిస్తూ, కథ అయ్యేదాకా నిటారుగా కూర్చుంది. అక్షింతలు తనే అమ్మవారి మీద వేసింది.

అయిన వెంటనే రికార్డింగు నా ఫోనుకీ మురళి ఫోనుకీ పంపేశాను. సాయంత్రం మురళి వచ్చాడు. ఆ ఫోనుకి ఎదురుగా అమ్మవారి ముఖం తప్ప ఎవరూ లేరని, నంబరు ఎవరూ కొట్టలేదని అక్కడున్న ఆడవాళ్లంతా వాడికి చెప్పారు. "ఏదో బగ్ అయ్యుంటుందక్కా" అన్నాడు గానీ వాడి గొంతులో పస లేదు. రిపేరు ఆయన్ని అడిగితే "కుదరదు మేడమ్, ఎవరో నంబరు కొట్టుంటారు" అని ఒకటే మాట. కొట్టినవాళ్లెవరో నాకు చూపించమనండి.

అసలు సంగతి ఇంకోటుంది. కథ నా ఫోనులో భద్రంగా చేరాక, అమ్మ తన ఫోను ఇమ్మని చెయ్యి చాపింది. మళ్లీ వింటుందేమోనని ఇచ్చాను. ఆవిడ పక్కనున్న మీట కాసేపు నొక్కిపట్టి, తెర మీద వేలు జరిపి, ఫోను ఆపేసింది.

"అమ్మా! ఏం పని చేసినావే!" అని అరిచాను. బాగున్న సగం మూతితో నవ్వింది.

మళ్లీ ఆన్ చేసి అమ్మవారి ముందు పెట్టి చూశాం. దీపంతో, దీపం లేకుండా, కుంకుమతో, తుడిచి. మురళి దానికి అమ్మ పాత ఫొటో కూడా చూపించాడు. తెరుచుకోలేదు. మర్నాడు కలశం కదిపే ముందు ఆఖరుసారి చూశాను. అప్పుడూ అంతే.

ఆ పొద్దున అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, కొంగుతో కెమెరా తుడుచుకుని, మళ్లీ "ఆ, ఈ, ఊ" మొదలుపెట్టింది. నాకు ఓపిక నశించింది. "అమ్మా, కథ వచ్చేసింది కదా, ఇంకెందుకు? నంబరు కొట్టందే అది నీ ముఖం చూడదంట. ఎంత చేసినా చూడదంట" అని ఉన్నది చెప్పేశాను.

అమ్మ నన్ను తేరిపార చూసింది. పూజ గదివైపు వేలు చూపించింది. తర్వాత ఆ వేలు తన బుగ్గ మీద ఆనించుకుంది. జబ్బు చేసిన తర్వాత ఆవిడ నోట మొదటి మాట అప్పుడే విన్నాను. ముక్కలు ముక్కలుగా, కానీ స్పష్టంగా.

"నా... మొగం."

ఆ రోజు ఫోను ఎలా తెరుచుకుందో ఇప్పటికీ నాకు తెలియదు. కారణం లేకుండా దేన్నీ పక్కన పెట్టనిదాన్ని, దీన్ని ఏ పక్కన పెట్టాలో తేలక అలాగే ఉంచుకున్నాను. అమ్మకి మాత్రం ఏ సందేహమూ లేదు, అమ్మవారి ముఖానికి తెరుచుకున్నది తన ముఖానికీ తెరుచుకుని తీరాలి. ఇప్పుడు నాలుగైదు మాటలు అంటోంది, నన్ను తిట్టడానికి అవి సరిపోతున్నాయి. ఫోను ఇంకా ఆవిడ ముఖానికి తెరుచుకోలేదు. రోజూ పొద్దున చార్జింగు పెట్టి చేతికిస్తున్నాను.