పల్లీల పేరు కొట్టేయించిన పంతులమ్మ

మా లెక్కల పంతులమ్మ మొన్న మంగళవారం పొద్దున పోయారని ఆమె తమ్ముడు వచ్చి చెప్పాడు. కార్వాన్‌లోని మా సర్కారు ఆడపిల్లల బడిలో చదివినవాళ్ళకు ఆమె ఎవరో చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళకు నేనే చెప్పాలి. ఆమె లేకుంటే ఈ నాలుగు మాటలు రాయడానికి నేను మిగిలేదాన్ని కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పంద్రాగస్టు నాడు బడిలో పల్లీపట్టి పంచారు. పల్లీలు తింటే నాకు పెదవులు దురదపెడతాయని అమ్మ ఇంట్లో పెట్టేది కాదు. అందరూ తింటుంటే ఆశపడి నేనూ తిన్నాను. కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు ఉబ్బాయి, గొంతు పూడుకుపోయింది. ఎవరో దిష్టి అన్నారు. ఇంకెవరో నీళ్ళు తాగించబోయారు. పంతులమ్మ నన్ను ఎత్తుకుని గేటు బయటికి పరిగెత్తి రిక్షా ఎక్కారు.

"దవాఖానకు పోనియ్ భాయ్. పోరికి ఊపిరాడ్తలేదు."

డాక్టరు సూది వేశాక, నాకు ఊపిరి తిరిగేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.

వారం తర్వాత పెద్ద పంతులమ్మ మా నాన్నను పిలిపించారు. "మళ్ళ గిట్లయితే ఎవరు జవాబు చెప్తరు? పిల్ల పేరు కొట్టేస్తం" అన్నారు. నాన్న చేతులు జోడించాడు.

"కొట్టేస్తే పల్లీల పేరు కొట్టేద్దామమ్మా. పిల్ల ఏం చేసింది?" అన్నారు మా పంతులమ్మ, గొంతు పెంచకుండానే. "జవాబు నేను చెప్త."

ఆనాటి నుంచి బడిలో పల్లీలు పంచలేదు. ఆమె డాక్టరు దగ్గర ఈ ప్రమాదం గుర్తులన్నీ రాయించుకొచ్చి మా తరగతికంతా నేర్పారు. పెదవులు ఉబ్బినా, గొంతు బొంగురుపోయినా పాఠం మధ్యలోనైనా లేచి చెప్పాలి. "ఊపిరి ముందు, హాజరు తర్వాత" అనేవారు. మరుసటేడు కందిరీగ కుట్టి ఒక చిన్నపిల్ల గొంతు మారితే, ముందు గుర్తుపట్టింది మా తరగతి పిల్లలే. ఆ పిల్లా బతికింది.

నన్ను విడిగా కూర్చోబెట్టనివ్వలేదు. మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని జొన్నరొట్టె, ఉల్లికారం తినేవారు. ఆమెకు రొట్టెలో నంజుకునే పల్లీల తొక్కు అంటే ప్రాణమని నాకు చాన్నాళ్ళకు గాని తెలియలేదు.

పోయినేడు నా పెళ్ళి. పీటల మీద నుంచి చూస్తే, ఆమె కొంగు నడుముకు దోపి గాడిపొయ్యి దగ్గర వంటాయన పక్కన నిలబడి ఉన్నారు.

"దీంట్ల ఏం నూనె పోసినవ్ భాయ్?"

"కుసుమ నూనెనే అమ్మా. మూడుసార్లు అడిగిన్రు."

ఆమె కూర కొంచెం అరచేతిలో వేయించుకుని, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు రుచి చూశారు. తర్వాత పొగలోంచి నా వైపు తిరిగి మెల్లగా తల ఊపారు.