అద్దం కదిలిందనుకున్నాను

గద్వాలలో ఇరవై ఏళ్లు కారు కిరాయికి నడుపుతూ బతికాను. ఒకరోజు పెబ్బేరు పశువుల సంత మీదుగా వెళ్తున్నాను. ఎద్దుల మధ్య నుంచి పోయేటప్పుడు కొమ్ము తగలకుండా ఎడమ అద్దం లోపలికి మడవడం మా డ్రైవర్లందరి అలవాటు. సంత దాటాక అద్దం విప్పి, సరిచేసి, ఎడమకు తిప్పాను. ఒక బైకు ఎడమ డోరుకు ఆనుకుని ఆగింది.

"కండ్లు కనవడ్తలేవా?" అన్నాడు దాని మీది పెద్దమనిషి.

"అద్దం కదిలిందన్నా" అన్నాను. నేనూ అదే నమ్మాను.

ఆ నెలంతా అద్దంతోనే కుస్తీ పట్టాను. ఇంకాస్త బయటికి, ఇంకాస్త కిందికి. గుండ్రటి చిన్న అద్దం కూడా కొని అతికించాను. అయినా మనుషులు పక్క నుంచి ఊడిపడుతూనే ఉన్నారు. ఒకరోజు ఇంట్లో పక్కనే ఉన్న నీళ్ల బిందెను చూసుకోక తన్నేశాను.

"ఇంట్ల గూడ అద్దం కదిలిందా? దవాఖానకు నడువు" అంది నా భార్య పద్మ.

వనపర్తిలో కంటి డాక్టరు కంట్లో ప్రెషర్ చూసి, చూపు ఎంత మేర ఉందో తేల్చే ఫీల్డ్ టెస్ట్ చేయించారు. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలాసేపు ఏదీ రాకపోతే మిషన్ ఆగిందేమో అని అడిగాను. నడుస్తూనే ఉందన్నారు.

"గ్లాకోమా. కంట్లో ప్రెషర్ పెరిగి రెండు కళ్లకూ పక్కచూపు పోయింది. పోయింది రాదు, ఉన్నది కాపాడుకుందాం. కారు మాత్రం నడపొద్దు" అన్నారు డాక్టరు.

రోజూ డ్రాప్స్ వేసుకోమన్నారు. నొప్పి లేదు కదా అని రెండు నెలలకు మానేశాను. ప్రెషర్ మళ్లీ పెరిగి ఎడమ కంటికి సర్జరీ దాకా వచ్చింది. డాక్టరు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చాలా అలసిపోయాను.

కారు అమ్మేద్దామన్నాను.

"నేను నేర్సుకుంట. నువ్వు పక్కన కూసో, సాలు" అంది పద్మ.

నేర్పాను. ముందు సీటు, తర్వాత అద్దాలు. అద్దంలో మన కారు అంచు సన్నగా కనిపించాలి. అద్దానికి అందని చోటు ఒకటుంటుంది, తిప్పేముందు మెడ తిప్పి అక్కడ చూసుకోవాలి. ఇప్పుడు కిరాయిలు తనే తిప్పుతోంది. నేను డ్రాప్స్ వేసుకుని పక్కన కూర్చుంటాను.

మొన్న పెబ్బేరులో ఎడమకు తిప్పబోతూ ఆగింది. "ఖాళీనే, పో" అన్నాను అలవాటుగా. ఆమె మెడ తిప్పి, నన్ను దాటి వెనక్కి చూసింది. ఒక బైకు మా పక్క నుంచి వెళ్లిపోయింది. అప్పుడు తిప్పింది.

మనుషులు ఉన్నట్టుండి పక్క నుంచి వస్తున్నారనిపిస్తే అద్దం సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు కళ్లు చూపించుకోండి. నేను ఒక నెలంతా అద్దానికి ఇచ్చేశాను.