కొండెక్కని జీపు

కన్నప్పకు ఎగువపల్లికి నడిచిపోయే శక్తి లేక కాదు. పరదరామి దాటి కొండ మొదట్లో బస్సు దిగి పొద్దున్నే ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదిరే లోపల పైకి చేరవచ్చు. ఆ ఊరివాళ్ళంతా అట్లే ఎక్కి దిగుతారు. అయినా వానలు మొదలైనప్పటి నుంచి ఆయన ఒక్కసారి కూడా పోలేదు. ఉత్త చేతులతో పోయి అమ్మణి వాకిట్లో నిలబడితే, ఏం పనిమీద వచ్చినావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

జీపు తిరిగినన్నాళ్ళు ఆ ప్రశ్న పుట్టలేదు. ఇంట్లో ఆస్తి పాలు పంచుకున్నప్పుడు అన్న బావి దగ్గరి చేను తీసుకుంటే, కన్నప్ప జీపు తీసుకున్నాడు. వెనక సరుకుకు డబ్బా కట్టిన పాత ఫోర్‌వీల్ బండి అది. మెతుకు పెట్టే చేను వదిలి తుప్పు పట్టే ఇనుము పట్టుకున్నాడని ఊళ్ళో నవ్వారు. పెండ్లి మాటలు వచ్చి వచ్చి ఆగిపోయినాయి. ప్రతి శుక్రవారం పేర్ణాంబట్టులో బీడీ ఏజెంటు దగ్గర ఆకు, పొగాకు ఎక్కించుకుని ఎగువపల్లికి పోవడం, అక్కడ చుట్టిన బీడీలు దించుకుని రావడం, అదే ఆయన బతుకు.

కొండమీద సరుకంతా అమ్మణి ఇంటి ముందరే దిగేది. భర్త పోయినాక ఆకు పంచడం, చుట్టిన కట్టలు చూసి తీసుకోవడం ఆమె చేతికి వచ్చింది. కన్నప్ప అరుగుమీద కూర్చుని ఆమె ఇచ్చిన మజ్జిగ తాగేవాడు. "ఈసారి ఆకంతా చిల్లులే" అని ఆమె. "ఏజెంటుకు చెప్తాలే" అని ఈయన. అంతకు మించి మాటలుండేవి కావు. యాభై దాటిన మనిషి వారమంతా ఆ కాస్త మాట కోసం ఎదురుచూశాడంటే నవ్వుతారు. అందుకే ఆయన ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

వానలకు మునుపు, జీపు ముందు చక్రాల బేరింగులు అరవడం మొదలుపెట్టాయి. బండిని వేలూరులో రాజమాణిక్యం అనే మెకానిక్కు దగ్గర వదిలిపెట్టాడు కన్నప్ప. దాన్ని తెచ్చుకోవడానికి బస్సులో పోతుండగా రాజమాణిక్యం ఫోన్ చేశాడు. బస్సులో పాటల మోత. "అన్నా, బేరింగ్ మాత్తియాచ్చు. రెండు సైడూ లాక్ ఇరుక్కు..." అన్నంత వరకే వినబడింది. బేరింగులు మార్చినట్టు అర్థమైంది, అంతలో లైను తెగిపోయింది.

ఆ బండికి ముందు చక్రాల నడిమధ్యన అరచేయంత బిళ్ళ ఒకటి ఉంటుంది. కొండ ఎక్కే ముందు డ్రైవరు దిగి, రెండు పక్కలా ఆ బిళ్ళను చేత్తో లాకు వైపు తిప్పాలి. అప్పుడే ముందు చక్రాలకు ఇంజను బలం అందుతుంది. తిప్పకపోతే అవి ఉత్తినే దొర్లుతాయి, వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. ఆ లాకులే ఇరుక్కున్నాయంటే ఇంకేముంది! షెడ్డుకు పోయేసరికి రాజమాణిక్యం లేడు. తాళం ఇంకెవరో ఇచ్చారు. కన్నప్ప బిళ్ళను రెండు వేళ్ళతో కదిపి చూశాడు. బిగుసుకుని ఉంది. పాత బండి, విరిగితే దొరకదని చేయి తీసేశాడు.

ఆ శుక్రవారమే మొదటి మలుపులో వెనక చక్రాలు బురదలో తిరిగి తిరిగి నిలిచిపోయాయి. సరుకుతో వెనక్కి వచ్చేశాడు. అప్పటి నుంచి కొత్త లాకుల కోసం చిత్తూరు, వేలూరు పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగాడు. ఇంత పాతవి రావన్నారు. మాణిక్యం చేతనే కానిది ఇంకెవరి చేత అవుతుందని బండిని ఇంకెవరికీ చూపలేదు. ఏజెంటు కొన్నాళ్ళు చూసి, కొండమీదికి ఆకు పంపడం మానేశాడు. అక్కడి ఆడవాళ్ళు కొందరు చెప్పుల పైభాగాలు కుట్టే పనికని పేర్ణాంబట్టుకు దిగిపోయారు.

ఒకరోజు గుడియాత్తం సంతలో ఎగువపల్లి మనిషి దొరస్వామి కనబడి, "అమ్మణి ఇల్లు ఖాళీ చేస్తాదంట. కే.వి.కుప్పంలో చెల్లెలింటికి పోతాదంట" అన్నాడు.

కన్నప్ప సంత మధ్యలోంచే బండి తీసుకుని నేరుగా దినకర్ మెకానిక్ షెడ్డుకు పోయాడు. దినకర్ చిన్నప్పటి నుంచి స్నేహితుడు. నోరు మంచిది కాదు గానీ చేయి మంచిది.

"ఎట్లయినా సరే, బండి ఒక్కసారి కొండెక్కాలప్పా" అన్నాడు కన్నప్ప.

"ఒక్కసారేనా? యాడికిరా అంత అవసరం? పైన దేవుడుండాడా, దేవతుండాదా?"

"నువ్వు ముందు బండి చూడు."

దినకర్ నాలుగు చక్రాలూ గాలిలో ఉండేట్టు బండిని జాకీలమీద ఎత్తాడు. గేరు పక్కనుండే చిన్న లివరును ఫోర్‌వీల్‌లో పెట్టి, గేరు వేసి ఇంజను ఆడించమన్నాడు. తాను వంగి కిందికి చూశాడు. ఇంజను నుంచి ముందుకు వచ్చే కడ్డీ చక్కగా తిరుగుతోంది. ముందు చక్రాలు మాత్రం కదలడం లేదు.

"లోపలంతా బాగుండాది. బలం చక్రం దాకా వస్తా ఉండాది. బిళ్ళ దగ్గరే ఆగిపోతా ఉండాది. లాకు వెయ్యలేదేమిరా?"

"యాడ వేసేది? రెండు పక్కలా ఇరుక్కునింది కదా. మాణిక్యమే చెప్పినాడు."

"ఏమని చెప్పినాడు? అచ్చంగా చెప్పు."

"రెండు సైడూ లాక్ ఇరుక్కు అన్నాడు."

దినకర్ స్పానరు కింద పెట్టాడు. "వాడికి తెలుగు వచ్చునా?"

"రాదు."

"మరి వాడు అరవంలో 'ఇరుక్కు' అంటే ఏమిరా?"

కన్నప్ప ఆ మాటను అరవంలో ఒకసారి పలికి చూసుకున్నాడు. ఉంది. ఇరుక్కు అంటే ఉంది. రెండు పక్కలా లాకులు ఉన్నాయి, బాగున్నాయి, కావాలంటే వేసుకో అని చెప్పాడు ఆ మనిషి. పుట్టినప్పటి నుంచి రెండు భాషలూ ఒకే నోట మాట్లాడినవాడు, ఒక్క మాటను తప్పు పక్కన వేసుకున్నాడు.

"నాలుగు వందల మందికి చెప్తా ఇది" అని నవ్వుతూ దినకర్ బిళ్ళను గుడ్డతో పట్టుకుని, చక్రాన్ని కొంచెం ముందుకూ వెనక్కూ ఊపి తిప్పాడు. టక్కుమని పడింది. రెండో పక్క కూడా. "గ్రీసు గట్టిపడి కొంచెం మొండికేసింది, అంతే. ఇరుక్కునింది నీ బుర్రరా, బండి కాదు."

కన్నప్పకు నవ్వు రాలేదు. ఎన్ని శుక్రవారాలు!

మర్నాడు ఏజెంటును బతిమాలి ఒక మూట ఆకు ఎక్కించుకున్నాడు. కొండ మొదట్లో దిగి రెండు బిళ్ళలూ తిప్పాడు. మొదటి మలుపు బురదలో ముందు చక్రాలు పట్టుకుని బండిని లాక్కుపోతుంటే, ఆయన చేతులకు స్టీరింగులో ఆ లాగుడు తెలిసింది. ఇంజను మోత విని ఎగువపల్లి కుక్కలు ఎదురొచ్చాయి.

అమ్మణి వాకిట్లో నిలబడి ఉంది. ఆమె వెనక గిన్నెల గంప, చాపచుట్ట, ఇనుప పెట్టె.

"ఆకు తెచ్చినాను" అన్నాడు కన్నప్ప.

"ఎవురికప్పా? చుట్టేవాళ్ళు యాడుండారు?" అంది ఆమె. కోపం లేదు గొంతులో. "పెట్టె మోసేదానికి మనిషిని వెతకతా ఉన్నా. నీ బండి శబ్దం విని నిలబడినాను. మంచి వేళకు వచ్చినావు."

జీపు బాగుపడలేదని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు. బండి ఆమె వాకిట్లోనే ఉంది. లాకు మాట చెబుదామనుకున్నాడు. చెబితే నవ్వుతుంది, నవ్వి బండెక్కుతుంది. సామాన్లు ఎక్కించాడు. ఆకు మూట దించలేదు, దాని పక్కనే చాపచుట్ట పెట్టాడు. అమ్మణి ఇంటికి తాళం వేసి, ముందు సీట్లో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి.

దిగేటప్పుడు చిన్న లివరును లో గేరులోకి వేశాడు. అట్లా వేస్తే బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా దిగుతుంది. మొదటి మలుపు బురద తప్ప దారంతా ఎండి ఉంది, అంత నిదానం అవసరం లేదు.

"ఇంత నిదానమా? గొర్రెలు దాటి పోతా ఉండాయి చూడు."

"దిగేటప్పుడే జాగ్రత్తగా ఉండాల" అన్నాడు.

ఆమె కిటికీలోంచి చింతచెట్లు, బండరాళ్ళు ఒక్కొక్కటే వెనక్కి పోవడం చూసింది. ఒకచోట, "ఇక్కడ సీతాఫలాలు బాగుంటాయి" అంది. ఆయన ఊ కొట్టాడు.

తారు రోడ్డు వచ్చింది. తారుమీద ముందు లాకులతో పోకూడదు, టైర్లు పోట్లాడుకుంటాయి. కన్నప్ప దిగి తన పక్క బిళ్ళ తిప్పి, అటు పోయి ఆమె పక్క చక్రం దగ్గర కూర్చున్నాడు. గ్రీసు ఇప్పుడు మెత్తబడింది.

"ఏమప్పా, రాలేదా?" అని అమ్మణి పైనుంచి వంగి అడిగింది.

"వస్తాది. కొంచెం గట్టిగా ఉండాది" అన్నాడు కన్నప్ప. బిళ్ళ ఎప్పుడో తిరిగింది. ఆయన చేయి దానిమీదే ఉంది.