పంపు నా సంచిలోనే ఉంది

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, నాగర్‌కర్నూల్‌లో మా సైకిల్ జట్టు టీకి ఆగినప్పుడు, కొత్తగా చేరిన ఒకతను గాలి పంపు అడిగాడు. వెంటనే ఎవరో మాట అందుకున్నారు.

"గద్వాలాయనకు మాత్రం ఇయ్యకుండ్రి. మళ్ల అడవిల పారేసుకొస్తడు."

అందరూ నవ్వారు. నాలుగేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. వాళ్ళతో పాటు నేనూ. ఆ రోజు మాత్రం టీ సగంలోనే కింద పెట్టేశాను.

ఆ పంపును గద్వాలాయన పారేసుకోలేదు. అసలు అది అతని చేతికే రాలేదు.

నాలుగేళ్ల కింద మేం ఆరుగురం అచ్చంపేట మీదుగా నల్లమలలోకి, దోమలపెంట దాకా తొక్కాం. అతను గద్వాలలో చీరలు నేస్తాడు, నాకంటే చిన్నవాడు. ముందు రోజే వచ్చి మా ఇంట్లో పడుకున్నాడు. గేర్లు లేని సైకిలు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. మా జట్టులో ఒక పద్ధతి ఉంది. అందరికంటే గట్టిగా తొక్కేవాడు చివరన రావాలి. పంపు, పంక్చరు సామాను అతని సంచిలో ఉండాలి. ఎవరి సైకిలు ఆగినా అతను దాటి పోకూడదు. ఆ రోజు చివరి మనిషిని నేను.

మన్ననూరు దాటాక ఒక ఎక్కుడులో, ముందు పోతున్న ఒకడు వెనక్కి తిరిగి అరిచాడు. "ఏం సారూ, మీ ఇద్దరికి చాయ్ పార్శిల్ కట్టియ్యమంటవా?"

నలభై దాటిన మనిషిని. ఆ మాత్రం మాటకు నాకు ఒళ్ళు మండింది.

అప్పుడే నా పక్కనున్న గద్వాలాయన సైకిలు దిగాడు. "జర ఆగన్నా. ఎనక టైరు మెత్తగైతుంది, చూద్దాం."

విన్నాను. టైరు కూడా చూశాను. "నడుస్తది తీ, మెల్లగ రా. మీద ఆగుత," అని తొక్కుకుంటూ పోయాను. మీద ఆగలేదు. ఒక్కొక్కరినే దాటి అందరికంటే ముందు చేరాను. ఫోటో కూడా దిగాను.

అతను మూడు గంటల తర్వాత ఒక కూరగాయల ఆటోలో వచ్చాడు. ఫోను కలవని అడవిలో, గాలి పోయిన సైకిలును ఎండలో నెట్టుకుంటూ నడిచాడు. చెప్పు తెగిపోతే తారు మీద వట్టి కాళ్ళతో నడిచాడు. అరికాళ్ళు రెండూ బొబ్బలు.

"పంపు ఏమాయె?" అని జట్టువాళ్ళు నన్ను అడిగారు. అతను పక్కనే కూర్చుని కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్నాడు.

"ఇచ్చే వచ్చిన. యాడ పడేసుకున్నడో," అన్నాను.

అతను తలెత్తి చూశాడు. మళ్ళీ కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు.

మగ్గం గుంటలో కూర్చున్న మనిషి అరికాళ్ళతో చెక్కలు తొక్కితేనే నేత సాగుతుంది. నెల రోజులు అతని మగ్గం ఆగింది. ఒప్పుకున్న పెళ్ళిచీర వేరే మగ్గానికి పోయింది. మళ్ళీ జట్టుకు రాలేదు. "కాళ్లు నాజూకు," అన్నారు మావాళ్ళు, రోజంతా కాళ్ళతో బతికే మనిషిని. అప్పుడూ వాళ్ళతో కలిసి నవ్వాను.

పోయిన నెల ఆ ఆదివారం తర్వాత బస్సెక్కి గద్వాల పోయాను. అతను మగ్గం మీదున్నాడు.

"పంపు నా సంచిలనే ఉండె," అన్నాను.

"తెలుసన్నా. ఆ దినం నువ్వు నన్ను దాటి పోతుంటె నీ సంచిలకెళ్లి బయటికే కనవడ్తుండె."

"మరెందుకు చెప్పలే?"

"పొద్దున మీ ఇంట్ల తిని బయలెల్లిన. నలుగుట్ల నిన్నెట్ల పట్టియ్యాలె?" దారం పట్టుకుపోయే నాడెను విసురుతూనే అన్నాడు. "గాని నువ్వు గూడ నవ్వుతున్నవంట గదా. గదే పాణానికి తగిలింది."

"తప్పైంది తమ్మీ."

"నాకు చెప్తే ఏమొస్తది? నాకు ఎరికే. నవ్వెటోళ్లకు చెప్పు."

మరుసటి ఆదివారం అదే టీ కొట్టు ముందు చెప్పాను. ఆ పాత పంపు తీసి బల్ల మీద పెట్టాను. ఆ చాయ్ పార్శిల్ అన్నవాడే భుజం తట్టాడు.

"పోనీ తీ సారూ. గింత చిన్నదానికి ఏంది?"

చెయ్యి తీసేశాను. ఎవరికి చిన్నది? చెప్పులు, బూట్లు విప్పి రోడ్డు మీద పది నిమిషాలు నిలబడమన్నాను, ఒక్కొక్కరినీ.

ఎవరూ విప్పలేదు. అప్పటికింకా తొమ్మిది కూడా కాలేదు, తారు వేడెక్కనే లేదు.